ఎన్ని స్పీకర్లు అన్నది తర్వాత, ఎక్కడ కూర్చుంటారన్నది ముందు

ఇంట్లో సినిమా ధ్వని గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా కోనసీమ నుంచి, భీమవరం, తణుకు ప్రాంతాల నుంచి వచ్చాయి. కొత్త ఇల్లు కట్టుకుంటున్నవారు కొందరు, ఉన్న హాలులోనే సర్దుకోదలచినవారు కొందరు. ఉత్తరాలను కుదించి, ఒకే విషయం అడిగినవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నమస్కారమండి. మా ఇంటి పై అంతస్తులో సినిమాలు చూడడానికి ప్రత్యేకంగా ఒక గది వేస్తున్నాము. లోపలి కొలత 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. స్లాబు ఎత్తు 10 అడుగులు. గోడలు లేచాయి, ప్లాస్టరింగు ఇంకా కాలేదు. షాపువారు పదకొండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (బేస్ మాత్రమే పలికే పెట్టె) ఉన్న సెట్టు తీసుకోమంటున్నారు. సోఫా వెనక గోడకు ఆనించి వేస్తే గది విశాలంగా ఉంటుందని ఇంట్లోవాళ్ల మాట. ఎన్ని స్పీకర్లు తీసుకోవాలి? వైర్లు ఎక్కడికి లాగించాలి? (అమలాపురం)

జవాబు: ప్లాస్టరింగుకు ముందే అడిగారు కనుక మీకు చేయగలిగింది చాలా ఉంది. అయితే స్పీకర్ల సంఖ్యను కాసేపు పక్కన పెట్టి, ముందుగా సోఫా ఎక్కడ పడుతుందో తేల్చుకోండి. మిగతా కొలతలన్నీ కూర్చున్న మనిషి చెవి ఉన్న చోటు నుంచే మొదలవుతాయి.

మూసి ఉన్న గదిలో బేస్, అంటే మంద్ర ధ్వని, ఎదురెదురు గోడల మధ్య తిరిగి తిరిగి కొట్టుకుని, కొన్ని పౌనఃపున్యాల (సెకనుకు ఇన్ని కంపనాలు అన్న లెక్క, కొలత హెర్ట్జ్) దగ్గర గదిలో ఒకచోట పోగుపడుతుంది, మరొకచోట దాదాపు వినబడకుండా పోతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. మీ గది పొడవు దాదాపు 5.5 మీటర్లు కనుక ఈ పోగుపడడం పొడవు వెంట 31 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వెంట 47 దగ్గర, ఎత్తు వెంట 56 దగ్గర మొదలవుతుంది. గోడకు ఆనుకుని కూర్చున్నవారికి బేస్ అవసరానికి మించి గుమగుమలాడుతుంది. గదికి సరిగ్గా నడుమ, అంటే 9 అడుగుల దగ్గర కూర్చున్నవారికి 31 హెర్ట్జ్ దగ్గర ధ్వని చాలా పలచబడుతుంది. అందువల్ల తెర ఉన్న గోడ నుంచి చెవి వరకు 11 అడుగులు, వెనక 7 అడుగులు ఉండేలా సోఫా వేయమని నా సలహా. వెనక మిగిలిన జాగా వృథా కాదు. సంక్రాంతికి బంధువులు వచ్చినప్పుడు అక్కడ ఇంకో వరుస కుర్చీలు పడతాయి. పైగా వెనక గోడ నుంచి తిరిగొచ్చే ధ్వని చెవికి చేరేసరికి బలం తగ్గుతుంది.

చోటు తేలింది కనుక ఇక కొలుచుకోవచ్చు. ముందు ఎడమ, కుడి స్పీకర్లు వినేవారి ముక్కు సూటి గీతకు ఇరువైపులా 22 నుంచి 30 డిగ్రీల కోణంలో ఉండాలి. స్పీకర్లను గోడకు ఒక అడుగు ముందుకు పెడితే మీ చెవికీ స్పీకర్ల వరుసకూ మధ్య 10 అడుగులు ఉంటాయి. 30 డిగ్రీలు కావాలంటే రెండింటి మధ్య పదకొండున్నర అడుగులు కావాలి, అంటే స్పీకర్లు పక్క గోడలకు అతుక్కుపోతాయి. మీ గదికి 8 అడుగుల ఎడం సరైనది. అప్పుడు కోణం 22 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఒక్కో స్పీకరుకూ పక్క గోడకూ మధ్య 2 అడుగుల ఖాళీ దక్కుతుంది. రెండింటినీ కొద్దిగా లోపలికి, సోఫా వైపు తిప్పండి. ఎత్తైన స్వరాలు పలికే చిన్న స్పీకరు, అంటే ట్వీటర్, కూర్చున్నవారి చెవి ఎత్తుకు, సుమారు మూడుంపావు అడుగులకు రావాలి. సెంటర్ స్పీకరు టీవీకి సరిగ్గా కింద, పైకి కొద్దిగా వాల్చి ఉండాలి.

పక్క స్పీకర్ల విషయంలోనే మన ఇళ్లలో ఎక్కువ పొరపాట్లు కనిపిస్తాయి. అయిదు స్పీకర్ల పద్ధతిలో ఆ రెండూ వినేవారికి పక్కగా, కాస్త వెనక్కి, 110 డిగ్రీల దగ్గర ఉండాలి. గది వెనక మూలల్లో సీలింగు దగ్గర మేకు కొట్టి, నేల చూపులతో వేలాడదీస్తే వాటి పని అవి చేయలేవు. మీ గదిలో ఆ చోటు పక్క గోడల మీద, చెవి గీతకు 2 అడుగులు వెనక, అంటే తెర గోడ నుంచి 13 అడుగుల దగ్గర పడుతుంది. ఎత్తు నాలుగున్నర అడుగులు చాలు. సోఫా చివర కూర్చున్న మనిషి తల పక్కవారికి అడ్డం రాకుండా ఉండడానికే ఆ కొంచెం ఎత్తు.

ఇప్పుడు సంఖ్య గురించి. షాపువారు చెప్పిన పదకొండులో నాలుగు సీలింగు స్పీకర్లు. పైనుంచి వినిపించే ధ్వనిని విడిగా నమోదు చేసే డాల్బీ అట్మాస్ పద్ధతి 2012లో సినిమా హాళ్లకు, 2014లో ఇళ్లకు వచ్చింది. వాన, హెలికాప్టరు, గుడిగంట వంటి శబ్దాలకు అది నిజంగా ప్రాణం పోస్తుంది. దాన్ని వద్దనను. కానీ మీరు పెట్టే డబ్బు ఒకటే అయినప్పుడు, దాన్ని పదకొండు నాసిరకం స్పీకర్లకు పంచడం కన్నా అయిదు మంచి స్పీకర్లకు, ఒక మంచి సబ్‌వూఫర్‌కు పెట్టడమే నయమని నా గట్టి అభిప్రాయం. సినిమాలో మాటలు దాదాపు అన్నీ, పాటలో ఎక్కువ భాగం ముందున్న మూడు స్పీకర్ల నుంచే వస్తాయి. వాటి దగ్గర పొదుపు చేసి సీలింగు నింపుకోవడం నాకు నచ్చదు. ముందు అయిదుతో మొదలుపెట్టండి. వెసులుబాటు ఉంటే సీలింగులో రెండు చేర్చండి. వాటి చోటు చెవికి ఒక అడుగు ముందు, ముందు స్పీకర్ల సూటిలో. ఆకాశం వైపు చూస్తూ ధ్వనిని సీలింగుకు కొట్టి కిందికి దింపే స్పీకర్లు కూడా దొరుకుతాయి గానీ, వాటికి నునుపైన, చదునైన సీలింగు కావాలి. మధ్యలో ఫ్యాను తిరిగే గదికి అవి పనికిరావు.

సంఖ్య తక్కువైనా పైపులు మాత్రం అన్నిటికీ వేయించండి. పక్క గోడల మీద రెండు చోట్లు, వెనక గోడ మీద రెండు చోట్లు, స్లాబు కింద నాలుగు చోట్లు, సబ్‌వూఫర్ కోసం ముందు గోడన ఒకటి, వెనక గోడన ఒకటి. ఒక్కోదానికి ఒక అంగుళం పైపు వేసి, లోపల లాగుడు తీగ వదిలిపెడితే రేపు గోడ పగలగొట్టే పని ఉండదు. ప్రొజెక్టరు ఆలోచన ఉంటే హెచ్‌డీఎమ్‌ఐ కేబులుకు మాత్రం రెండంగుళాల పైపు వేయించండి. దాని ప్లగ్గు చిన్న పైపు వంపుల్లో ఇరుక్కుంటుంది. ఈ పైపులను కరెంటు పైపులకు కనీసం ఒక అడుగు దూరంగా నడపమని ఎలక్ట్రీషియనుకు చెప్పండి. దాటక తప్పని చోట అడ్డంగా దాటాలి తప్ప పక్కపక్కనే సాగకూడదు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగిది తీసుకోండి. 12 మీటర్ల దూరానికి పోను రాను కలిపి దాని నిరోధం 0.2 ఓమ్‌ల దగ్గరే ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకరుకు అది లెక్కలోకి రాదు. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు చూడడానికి అచ్చం రాగిలాగే ఉంటుంది, ధర తక్కువ, నిరోధం ఎక్కువ. కొనేటప్పుడు కొస గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే వద్దు.

సబ్‌వూఫర్ చోటును కాగితం మీద నిర్ణయించలేము. సామాను వచ్చాక దాన్ని తాత్కాలికంగా సోఫా మీద, మీరు కూర్చునే చోటే పెట్టి, బేస్ ఎక్కువగా ఉన్న పాట ఒకటి నడుపుతూ, గోడల వెంట మోకాళ్ల మీద తిరిగి వినండి. ఎక్కడ బేస్ గుమగుమలాడకుండా, పలచబడకుండా, ఒక్కో స్వరం విడివిడిగా వినిపిస్తుందో అదే దాని చోటు. గది ధర్మం ప్రకారం వినేచోటు, మోగేచోటు తారుమారు చేసినా ఫలితం ఒకటే కనుక ఈ పరీక్ష పని చేస్తుంది. ఒక పెద్దదానికి బదులు రెండు మధ్యరకంవి ముందు గోడ నడుమ, వెనక గోడ నడుమ ఎదురెదురుగా పెడితే, నేను చెప్పిన ఆ 31 హెర్ట్జ్ పోగు చాలా వరకు అణిగి, సోఫా మీద ఉన్నవారందరికీ బేస్ దాదాపు సమానంగా అందుతుంది.

వాట్ల గురించి కూడా రాశారు. పెట్టె మీద వేలల్లో వేసే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి అని చెప్పుకునే) అంకెను అసలు చూడకండి. నిలకడగా ఇవ్వగల శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ అంకెనే చూడండి. ఒక వాటుతో ఒక మీటరు దూరంలో 88 డెసిబెళ్లు పలికే సాధారణ స్పీకరు మీ సోఫా దగ్గర 95 డెసిబెళ్ల ఉచ్ఛ శబ్దాన్ని ఇవ్వడానికి 50, 60 వాట్లు సరిపోతాయి. గోడల సాయంతో అంత కూడా పట్టదు. సినిమా హాలు ప్రమాణంలో ఉచ్ఛ శబ్దం 105 డెసిబెళ్లు. ఇంట్లో అంత పెట్టుకుని వినేవారు అరుదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లేనని గుర్తుంచుకుంటే షాపులో తొందరపడరు.

ప్రశ్న: సార్, అయిదు స్పీకర్ల సెట్టు కొని ఏడాదైంది. పాటలు, ఫైటింగులు ఇల్లదిరిపోయేలా వస్తాయి. మాటలు మాత్రం వినబడవు. మా అమ్మగారు ప్రతి డైలాగుకూ "ఏమన్నాడు?" అని అడుగుతారు. రిమోటు చేతిలోంచి దించడానికి లేదు. (భీమవరం)

జవాబు: ఈ బాధ మీ ఒక్కరిదే కాదు, ఇదే విషయంపై వచ్చిన ఉత్తరాలు మిగతా అన్నిటికన్నా ఎక్కువ. మీ అమ్మగారి చెవిలో లోపం ఉందనుకోకండి. ముందుగా సెట్టును చూద్దాం.

మొట్టమొదట, మీకు వస్తున్నది నిజంగా అయిదు స్పీకర్ల ధ్వనేనా అన్నది తేల్చుకోండి. టీవీ నుంచి ఎరుపు, తెలుపు పిన్నుల వైరుతో కలిపి ఉంటే వచ్చేది రెండు ఛానళ్ల ధ్వనే. టీవీ మీద ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రం నుంచి రిసీవరుకు (స్పీకర్లన్నిటికీ ధ్వనిని పంచే పెట్టెకు) కేబులు వేసి, టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియోను బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూకు మార్చండి. అప్పుడే మాటలు విడిగా సెంటర్ స్పీకరుకు చేరతాయి.

తర్వాత ఆ సెంటర్ స్పీకరును చూడండి. షోకేసు అరలో, బొమ్మల వెనక, అర అంచుకు జానెడు లోపల దాన్ని పెట్టి ఉంటే, బిందెలోకి తల పెట్టి మాట్లాడినట్టే గొంతులు ముద్దగా వస్తాయి. స్పీకరు ముఖం అర అంచుతో సమానంగా ముందుకు రావాలి, వాలు మీ అమ్మగారి ముఖం వైపు ఉండాలి. ఆమె గదిలో పక్కగా, మంచం మీద కూర్చుని చూస్తారని రాశారు. పడుకోబెట్టిన సెంటర్ స్పీకర్లలో రెండు వూఫర్లు (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్లు) పక్కపక్కన ఉండడం వల్ల బాగా పక్కకు జరిగినవారికి గొంతులోని కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుని తగ్గిపోతాయి. మంచాన్ని నాలుగడుగులు నడిమికి జరిపితే తేడా మీకే తెలుస్తుంది.

ప్లస్, మైనస్ వైర్లు ఒక స్పీకరుకు తారుమారైతే కూడా గొంతులు పలచబడతాయి, బేస్ పోతుంది. స్పీకరు వెనక వైర్లను రిసీవరు నుంచి విప్పి, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణం పాటు తాకించండి. బ్యాటరీ ప్లస్ కొసను స్పీకరు ప్లస్‌కు తాకించినప్పుడు వూఫరు పొర సాధారణంగా ముందుకు కదులుతుంది. ఒకే రకం స్పీకర్లలో ఒకటి ముందుకు, మరొకటి వెనక్కి కదిలితే తప్పు దొరికినట్టే. ట్వీటరుకు మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, అది సున్నితమైనది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మాటలు చాలకపోతే, రిసీవరులో సెంటర్ మట్టాన్ని 2, 3 డెసిబెళ్లు పెంచండి. రాత్రిళ్లు చూసేటప్పుడు నైట్ మోడ్ లేదా డైనమిక్ రేంజ్ అన్న అమరికను వేయండి. అది పెద్ద శబ్దాలను అణచి, చిన్నవాటిని లేపుతుంది. సినిమా ధ్వనిని హాలు కోసం, మాటకూ పేలుడుకూ మధ్య చాలా అంతరం ఉండేలా కలుపుతారు. ఫ్యాను హోరు, వీధి శబ్దం ఉన్న ఇంట్లో ఆ అంతరం తగ్గించుకోవడంలో తప్పేమీ లేదు. చివరిగా, నున్నటి పలకల నేల, ఉత్త గోడలు ఉన్న హాలులో చప్పట్లు కొట్టి చూడండి. చప్పట్ల వెంట గొలుసుకట్టుగా మోత వినిపిస్తే, ఆ మోతే అక్షరాలను మింగేస్తోంది. టీవీకీ మంచానికీ మధ్య నేల మీద మందమైన తివాచీ, కిటికీలకు నిండు మడతల బరువైన కర్టెన్లు ముందు ప్రయత్నించవలసినవి.

ప్రశ్న: గది గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం పక్కింటికి పోదని విన్నాము. మా ఊళ్లో అట్టలకు కొదవ లేదు. నిజమేనా? (తణుకు)

జవాబు: కాదండి. గుడ్ల అట్టలు పై స్వరాలను కొద్దిగా పీలుస్తాయి, బేస్‌ను తాకనైనా తాకవు. పైగా నిప్పంటుకుంటే వేగంగా మండుతాయి. థర్మోకోలు కూడా దాదాపు అంతే. గదిలోపలి మోత తగ్గించడం ఒక పని, శబ్దం బయటికి పోకుండా ఆపడం ఇంకొక పని. మొదటిదానికి 50 మిల్లీమీటర్ల మందం ఉన్న రాక్‌వూల్ లేదా గ్లాస్‌వూల్ పలకలను చెక్క చట్రంలో పెట్టి, గుడ్డ కప్పి, ముందు స్పీకర్ల ధ్వని పక్క గోడకు తగిలి చెవికి వచ్చే చోట బిగిస్తారు. ఆ చోటు కనుక్కోవడానికి ఒకరు గోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి. సోఫాలో ఉన్నవారికి అద్దంలో స్పీకరు కనిపించిన చోటే పలక పడాలి. కొబ్బరి పీచు కూడా ధ్వనిని బాగానే పీలుస్తుంది. మన దగ్గర పీచు పరుపులు దొరకడం సులువు కనుక, చెమ్మ లేని గోడకు వాటిని వాడి చూడవచ్చు. అయితే పీచు మండే సరుకు కనుక విద్యుత్ ప్లగ్గుల దగ్గర వద్దు.

రెండో పనికి బరువు కావాలి, సందులు మూయాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆపినంత శబ్దాన్ని పలచని తలుపు ఆపలేదు. గట్టి చెక్క తలుపు వేసి, చుట్టూ, కింద రబ్బరు పట్టీ పెట్టించండి. సబ్‌వూఫర్ కింద మందమైన రబ్బరు వేస్తే స్లాబు ద్వారా కిందికి పాకే అదురు కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లు. రాత్రిపూట సబ్‌వూఫర్‌ను తగ్గించడం ఒక్కటే పక్కింటివారికి పూర్తిగా పనికొచ్చే ఉపాయం.

ప్రశ్న: మాది తాతలనాటి మండువా ఇల్లు. మండువా చుట్టూ ఉన్న వసారాలో టీవీ ఉంది. అక్కడ సరౌండ్ (చుట్టూ స్పీకర్ల అమరిక) పెట్టవచ్చునా? (పాలకొల్లు దగ్గర)

జవాబు: పెట్టకండి. నడిమి భాగం ఆకాశానికి తెరిచి ఉన్న ఇంట్లో పక్క స్పీకర్లకు సమాన దూరంలో గోడలు దొరకవు, బేస్ నిలవదు, వాన పడితే మాట వినబడదు. రెండు మంచి స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్‌తో స్టీరియో పెట్టుకుంటే ఆ వసారాలో ఎంతో హాయిగా ఉంటుంది. సరౌండే కావాలంటే పక్కనున్న పడకగదిని ఎంచుకోండి. మట్టి పూత ఉన్న పాత మందపాటి గోడలు, చెక్క దూలాల పైకప్పు, నిండుగా సామాను ఉన్న అటువంటి గదులు, నున్నటి కొత్త హాళ్ల కన్నా ధ్వనికి అనుకూలంగా ఉంటాయి. దూలాలకు మేకులు కొట్టకుండా స్పీకర్లను స్టాండ్ల మీద నిలబెట్టండి.

ప్రశ్న: మాది లంక గ్రామం. వానాకాలం గోడలకు చెమ్మ ఎక్కుతుంది, వోల్టేజీ నిలకడగా ఉండదు, వరద భయం సరేసరి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (పి.గన్నవరం దగ్గర)

జవాబు: 1986 గోదావరి వరదనూ, 2022 జూలై వరదనూ చూసిన ప్రాంతం కనుక మీ గదిలో రిసీవరును నేల మీదా, కింది అరలోనూ పెట్టకండి. నడుము ఎత్తుకు పైన, గోడకు బిగించిన అర మీద, పైన గాలి ఆడేలా పెట్టండి. సబ్‌వూఫర్ నేల మీదే ఉండాలి గానీ, వైరు రెండు మలుపులు తిప్పితే విడిపోయేలా ఉంచితే నీరొస్తుందన్న మాట వినగానే మేడ మీదికి చేర్చవచ్చు.

స్పీకరు కొనేటప్పుడు వూఫరు అంచున ఉండే మెత్తని వలయం రబ్బరుదో స్పాంజిదో అడగండి. వేడి, తేమ కలిసిన గాలికి స్పాంజి వలయం కొన్నేళ్లలో పొడి రాలిపోతుంది, రబ్బరుది చాలాకాలం నిలుస్తుంది. చెమ్మ ఎక్కే గోడకు స్పీకరును ఆనించకండి, నాలుగంగుళాల ఎడం ఉంచండి. రాగి వైరు కొసలు మీ గాలికి పచ్చబారతాయి. తగరం పూత పూసిన వైరు వాడండి, లేదా కొసలను ప్లగ్గులలో గట్టిగా బిగించండి. పచ్చబారిన కొస కనిపిస్తే కత్తిరించి, లోపలి మెరిసే రాగిని బిగించడమే మార్గం. ఎక్కువ రోజులు వాడకుండా వదిలేసే సెట్టులోకే చెమ్మ త్వరగా చేరుతుంది కనుక, వానాకాలంలో కొద్ది రోజులకొకసారి గంటసేపైనా నడపండి.

రిసీవరుకు, సబ్‌వూఫర్‌కు సరిపడే స్టెబిలైజరు, విడి ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చు), అన్నిటికన్నా ముఖ్యంగా సరైన ఎర్తింగు ఉండాలి. స్పీకర్లలో ఎప్పుడూ వినిపించే సన్నని హమ్మింగుకు ఎర్తింగు లోపమే తరచుగా కారణమవుతుంది. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలు కాకముందే, ప్లగ్గు ఒక్కటే కాదు, డిష్ నుంచి వచ్చే కేబులును, ఇంటర్నెట్ వైరును కూడా తీసేయండి. పిడుగు దెబ్బ కరెంటు తీగ వెంటే కాక వాటి వెంట కూడా లోపలికి వస్తుంది.

అమరిక అంతా అయ్యాక రిసీవరుతో వచ్చే మైకును సోఫాలో మీ చెవి ఎత్తున, స్టాండు మీద నిలబెట్టి, ఫ్యాను, ఏసీ ఆపి కొలత వేయించండి. కొలత పూర్తయ్యాక స్పీకర్లన్నీ స్మాల్ అనీ, క్రాసోవర్ (ఆ హద్దుకు దిగువ బేస్ సబ్‌వూఫర్‌కు వెళుతుంది) 80 హెర్ట్జ్ అనీ ఉన్నాయో లేదో చూడండి. కొన్ని రిసీవర్లు ముందు స్పీకర్లను లార్జ్ అని రాసుకుని, వాటి బేస్‌ను సబ్‌వూఫర్‌కు పంపవు. దాన్ని చేత్తో మార్చుకోవాలి. ఆ తర్వాత సోఫా జరిపినా, పెద్ద బీరువా తెచ్చి గదిలో పెట్టినా కొలత మళ్లీ వేయించవలసిందే.